సర్వరులోని గ్రంథపాతము

వ్రాతప్రతుల పరిష్కరణమున అలవాటుపడిన వారికి గ్రంథపాతము క్రొత్త మాట కాదు. మాతృకలో ఆకు విరిగినచో, అక్షరములను పురుగు తినినచో, మంచి లేఖకుడు ఆ మేరకు తావు విడిచి ముందునకు సాగెడివాడు. ఆ ఖాళీయే పరిష్కర్తకు హెచ్చరిక. నేడు తాళపత్రముల ఛాయాప్రతులు విశ్వవిద్యాలయముల సర్వరులలో చేరుచున్నవి. వానికి నకళ్లు తీయు భారము బ్యాకప్ సాఫ్ట్‌వేరుపై నున్నది. ఈ నూతన లేఖకునకు ఖాళీ విడుచు మర్యాద తెలియదు. తనకు అప్పగించిన పని ముగియగానే ‘సఫలము’ అని నివేదిక నిచ్చును. ఆ ఒక్క మాటను నమ్మి తెలుగు శాఖలు ఊరకుండుట తగదు.

విషయము సాంకేతికమే యైనను దుర్గ్రాహ్యము కాదు. శాఖలోని కంప్యూటరున ఛాయాప్రతుల ఫోల్డరు కనబడును. అది ఆ యంత్రములోనిదే యని చూచువారికి తోచును. నిజమునకు ఫైళ్లు వేరొక భవనమందలి నిల్వయంత్రమున నుండును. నెట్‌వర్కు ద్వారా ఇచట తగిలింపబడినవి మాత్రమే. దీనినే మౌంటు చేయుట యందురు. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన ఎన్.ఎఫ్.ఎస్. ఇందులకు ప్రసిద్ధమైన పద్ధతి.

పెద్ద సంస్థలు వాడు బ్యాకప్ సాఫ్ట్‌వేరులు పలుమార్లు ఈ మౌంటు గడప యొద్దనే ఆగిపోవును. నెట్‌బ్యాకప్‌లో ఎన్.ఎఫ్.ఎస్. ను అనుసరింపుమను ఎంపికను ప్రత్యేకముగా గుర్తించిననే గాని అది ఆ ఫోల్డరులోనికి పోదు. బ్యాక్యులాయు, వేరుగా చెప్పనిచో, ఒక ఫైల్ వ్యవస్థను దాటి మరొకదానిలో అడుగిడదు. ఇది లోపము కాదు. ఒకే నిల్వను ఇరువది యంత్రములు మౌంటు చేసికొన్నచో ఇరువది నకళ్లు పేరుకొనకుండుటకు చేసిన యేర్పాటు. దానిని ఎరుగకుండుటయే అనర్థము.

ఎంపికను గుర్తించినంతమాత్రమున చిక్కు తీరునా? ఎన్.ఎఫ్.ఎస్. సర్వరు సాధారణముగా పొరుగు యంత్రపు సర్వాధికారిని అనామకునిగా నెంచును. అందుచే ఇతరులు చదువ వీలులేకుండ కట్టుదిట్టము చేసిన ఫైళ్లు, అనగా విలువైనవని పరిశోధకుడు దాచుకొన్నవే, నకలునకు లొంగవు. ఇంతకంటె భయంకరమైనది వేరొకటి కలదు. ఒక రాత్రి మౌంటు ఊడిపోయినచో ఆ స్థానమున ఖాళీ ఫోల్డరు మిగులును. సాఫ్ట్‌వేరు ఆ శూన్యమునే శ్రద్ధగా పరిశీలించి, నిన్నటి ఫైళ్లను యజమాని తొలగించెనని నమోదు చేసికొనవచ్చును. గడువు ముగియగానే పాత నకళ్లును అంతరించును. నివేదికలో మాత్రము ‘సఫలము’!

బ్యాకప్ కార్యక్రమమే ఫైళ్లను హరించిన దృష్టాంతము క్యోటో విశ్వవిద్యాలయమున 2021 డిసెంబరులో సంభవించినది. పాత లాగ్ ఫైళ్లను తుడిచివేయు ఆదేశము, నడుచుచుండగా మార్చబడుటచే దారితప్పి, సూపర్‌కంప్యూటరు నిల్వనుండి సుమారు 77 టెరాబైట్లను, 3.4 కోట్ల ఫైళ్లను చెరిపివేసెను. 14 పరిశోధక బృందములు నష్టపోయినవి. అందు నాలుగింటి ఫైళ్లు నకళ్లనుండి తిరిగి రాలేదు. అంతటి సంస్థకే తప్పనిది ఇతరులకు తప్పునని అనుకొనుట సాహసము.

తెలుగువారికి వేరుప్రతి విలువ తెలియనిది కాదు. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి గ్రంథములకు నకళ్లు వ్రాయించుటతో తృప్తిచెందలేదు. పెక్కు ప్రతులను తెప్పించి పాఠములను సరిచూపించెను. మన కాలమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా జాలస్థానము 2017 ప్రాంతమున అందుబాటులో లేకపోయినపుడు, అందలి తెలుగు గ్రంథములను వెదకువారిని ఇంటర్నెట్ ఆర్కైవునందు వేరుగా చేరియున్న ప్రతులే ఆదుకొన్నవి. రాయపూరు నగరమందలి మోవా వంటి తావున నివసించు తెలుగు పరిశోధకునకు మద్రాసు, తంజావూరు భాండాగారములు చేరువలో లేవు. అతనికి ఛాయాప్రతియే మాతృక.

ఇది కంప్యూటరు కేంద్రమువారి పని గాని శాఖ పని కాదని కొంద రందురు. యంత్రము వారిదే, నిజము. కాని ఏ ఫైలు పోయిన మరల దొరకదో వారికి తెలియుటెట్లు? నకలును మౌంటు చేసికొన్న యంత్రమునుండి గాక, నిల్వయంత్రము నుండియే తీయుడని శాఖ లిఖితపూర్వకముగా కోరవలెను. ఎన్.డి.ఎమ్.పి. అను ఒడంబడిక 1990వ దశకమున ఇందులకే ఏర్పడినది. మరియు, మూడు మాసముల కొకమారు ఏదో ఒక గ్రంథమును నకలునుండి వేరొక యంత్రమునకు తిరిగి రప్పించి, లిపి నెరిగిన పరిశోధక విద్యార్థిచే పత్రసంఖ్యలు లెక్కింపించి, రెండు మూడు పుటలు చదివింపవలెను. మొదటి పరీక్షకు అందరును తెరువగల ఫోల్డరును ఎన్నుకొనిన ప్రయోజనము స్వల్పము. ఒక్కరికే అనుమతి యున్న ఫోల్డరునుండి ఎన్నుకొనవలెను.