దున్నువాని పేరు

మన దేశమున "రైతు" అను మాటకు రెండర్థము లేర్పడినవి. పొలమున నాగలి పట్టువాడొక రైతు. కచేరీ దస్త్రములో పేరున్నవాడు వేఱొక రైతు. ప్రభుత్వములు మొదటివాని కష్టమును కొనియాడుచు రెండవవాని చేతికి ధనమిచ్చుచు వచ్చినవి. కౌలుదారునకు జరుగు ఈ యన్యాయమును గూర్చియే మేమిచట వ్రాయబూనితిమి.

2018లో తెలంగాణమున రైతుబంధు పథకము వచ్చెను. పంట కొక్కింటికి ఎకరమునకు 4,000 రూపాయలిచ్చిరి. పట్టాదారునకే అది చెల్లెను. పొలము కౌలుకిచ్చి పట్టణమున వసించు ఉద్యోగికి సొమ్ము చేరెను. కౌలు చెల్లించి, విత్తనము చల్లి, వానకై మింటివంక చూచువానికి దక్కలేదు. ఆ యేడే రైతుబీమా వచ్చెను. పట్టా గల రైతు మరణించినచో కుటుంబమునకు 5 లక్షల రూపాయలు. పట్టా లేని కౌలురైతు మరణించినచో అతని భార్యకు మిగులునది అప్పు మాత్రమే. ఆమె కన్నీటికిని పాసుపుస్తకము చూపవలసినదేనా?

చట్టములు లేవా యని కొందఱడుగుదురు. ఉన్నవి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సాగుదారులకు ఋణార్హత కార్డుల నిచ్చు చట్టము చేసిరి. కార్డు గొని బ్యాంకునకు పోయినవానికి, ఆ భూమిపై యజమాని ముందే అప్పు గొన్నాడను ప్రత్యుత్తరము తఱచు లభించెను. 2019లో ఆంధ్రప్రదేశము పంట సాగుదారుల హక్కుల చట్టము చేసెను. 11 నెలల యొప్పందమునకు యజమాని సంతకము కావలెనని అందు విధించిరి. హక్కని పేరిడి దాని తాళపుచెవిని పరుని మొలకు కట్టినచో అది హక్కెట్లగును?

యజమాని యేల సంతకము చేయడు? భూమి పోవునని భయము. ఈ భయము ఊరక పుట్టలేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుచట్టము వలన రక్షిత కౌలుదారులు కొందఱు భూస్వాము లైరి. ఆ జ్ఞాపకము పల్లెలలో నేటికిని చెడలేదు. కాని 2011, 2019 చట్టములు రెండును కార్డు వలన భూమిపై స్వామ్యము సంక్రమింపదని స్పష్టముగా చెప్పినవి. ఆ పిమ్మటను సంతకము నిరాకరించుట, సర్కారు సొమ్ము చేజాఱునను లోభమునకు భయమను ముసుగు వేయుటయే.

మార్గము సులభము. ఏ పొలము నెవరు దున్నుచున్నారో ఊరందఱికిని తెలియును. ప్రతి పంటకాలము మొదట గ్రామసభ కూడి, సాగుదారుల పట్టిక చదివి, ఆక్షేపణలు విని, పొరపాట్లు దిద్దవలెను. ఆ పట్టికనే ఋణమునకు, బీమాకు, పంటనష్టమునకు ప్రమాణముగా గొనవలెను. యజమాని సంతకముతో నిమిత్త ముండరాదు.

ఇట్టివి అడుగక వచ్చునవి కావు. 1937లో ఇచ్ఛాపురము నుండి మద్రాసునకు రైతులు కాలినడకన బయలుదేరిరి. జమీందారీల రద్దు చట్టము 1948లో వచ్చెను. నడుమ పదకొండేండ్లు ఊరూర సభలు, అర్జీలు, మొఱలు సాగవలసి వచ్చెను. నేటి కౌలుదారులకును ఆ ఓర్పు కావలెను. వారికి తోడుగా చదువుకొన్నవారి కలము కావలెను.

పాఠకులలో పెక్కుమందికి స్వగ్రామమున పొలమున్నది. నోటిమాట మీద కౌలుకిచ్చినవారు పెక్కురున్నారు. చట్టము మాఱుదాక వారేల వేచియుండవలెను? ఈ యేటి కౌలు అందుకొను దినముననే ఒప్పందపత్రము వ్రాయించి సంతకము చేయవచ్చును. గృహిణులు దీనిని ఇంట జ్ఞాపకము చేయుదురుగాక.