చేతిలో పని: చిన్నమ్మకు అల్లిన బాడీ

క్రిందటి సంచికలో పసిపిల్లల టోపీ అల్లిక చెప్పుకున్నాం. ఈసారి వస్తువు ఆడవాళ్ళం మనలో మనం కూడా గట్టిగా చెప్పుకోనిది: లోపల వేసుకునే బాడీ. తీగలు, గట్టి కప్పులు లేని ఈ రకాన్ని ఇప్పటి పిల్లలు బ్రాలెట్ అంటున్నారు. ఇంట్లో చేసుకోవడం వింతేమీ కాదు. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే ఆవిడ పేటెంటు పొందిన బాడీ కూడా మొదట రెండు పట్టు చేతిరుమాళ్ళు, ఒక రిబ్బను కలిపి కుట్టుకున్నదే.

మంగళవాడలో మా చిన్నమ్మకు రెండేళ్ళ క్రితం క్యాన్సర్ వల్ల కుడి రొమ్ము తీసేశారు. గాయం మానింది గాని, కొన్న బాడీ ఏదీ కుదరలేదు. ఎలాస్టిక్ సరిగ్గా మచ్చ మీదే ఒరుసుకునేది. కుడి చెయ్యి వెనక్కు పోదు, కొక్కేలు అందవు. రోజూ కోడల్ని పిలవడానికి మొహమాటపడి, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోవడమే మానేసింది.

నేను అల్లిస్తానన్నాను. తొందరపడి ఇంట్లో ఉన్న అక్రిలిక్ ఉన్నితో మొదలుపెట్టాను. పావగడ ఎండలకు ఒళ్ళంతా దురద! "ఇది సలికాలానికి దాసిపెట్టు పాపా" అని తిరిగి ఇచ్చేసింది. అప్పుడు నూలు దారం తెచ్చాను. మన నరసాపురం లేసు కూడా నూలు దారం, క్రోషా సూదితోనే కదా. మిషనరీల ద్వారా వచ్చిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే లేసు దారం మరీ సన్నం. బాడీకి నాలుగు పోగుల మెత్తని నూలు దారం, 3 మిల్లీమీటర్ల సూది తీసుకోండి.

కప్పు: 13 గొలుసులు వేయండి. రెండో గొలుసు నుంచి సింగిల్ క్రోషా 11, చివరి గొలుసులో 3, అక్కడి నుంచి గొలుసు రెండో పక్కన 11. మొత్తం 25. తిప్పి, ప్రతి వరుసలో నడి కుట్టులో మాత్రం 3 వేయండి. వరుసకు 2 చొప్పున 27, 29 అని పెరుగుతూ త్రికోణం వస్తుంది. కొలతకు వచ్చినప్పుడు ఆపండి. మాకు 15 వరుసలు పట్టాయి. రెండు కప్పులూ సమానంగా ఉండి తీరాలని లేదు. కొన్న బాడీకీ దీనికీ తేడా అదే.

పట్టీ: 11 గొలుసులు వేసి, 10 సింగిల్ క్రోషాల వెడల్పున, కుట్టు వెనక పోగులోనే సూది గుచ్చుతూ అల్లితే రబ్బరులా సాగుతుంది. నూలు ఉతికాక వదులవుతుంది కనుక రొమ్ము కింది చుట్టుకొలత కంటే రెండంగుళాలు తగ్గించండి. చెయ్యి వాపు ఉన్నవాళ్ళకు మాత్రం బిగువు వద్దు, డాక్టరును అడిగి వేసుకోవాలి. ముడి ముందువైపు పెట్టండి. భుజం పట్టీలు అంగుళానికి తగ్గకూడదు. సన్ననివి కోస్తాయి. లోపల పాత పంచె గుడ్డ వేసి, ముడులన్నీ బయటివైపే ఉంచండి.

కుడివైపు ఆ గుడ్డకు ఒక పక్క కుట్టకుండా సంచిలా వదిలాను. అందులో పెట్టడానికి గుండ్రని మెత్త కూడా అల్లాను. అమెరికాలో నిటెడ్ నాకర్స్ అనే సంస్థ స్వచ్ఛందంగా అల్లించి ఉచితంగా పంచేది ఇటువంటి మెత్తలనే. రెండు వైపులా సమంగా కనిపిస్తే చిన్నమ్మ మళ్ళీ నలుగురిలోకి వస్తుందని నా లెక్క.

నెల తర్వాత వెళ్ళాను. బాడీ వేసుకుంది, మెత్త లేదు. "ఎవురికి సూపించాల పాపా? పక్కకు తిరిగి పండుకునేకి అయితాంది, నా ముడి నేనే ఏసుకుంటాండ, అది సాలు" అంది. నేను కొలిచింది ఆమె ఒళ్ళు. ఆమెకు ఏం కావాలో మాత్రం అడగనే లేదు. కొలత టేపు తీసేముందు మీరు ఆ మాట అడగండి.

మరి ఆ సంచి? బీరువా తాళం చెవి, రెండు వంద నోట్లు ఉన్నాయి. మరుసటి వారం ఊళ్ళో పెళ్ళికి అవి పెట్టుకునే బయలుదేరింది.