చేను పడని వరి కావాలి

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దివిసీమ నుంచి చల్లపల్లి దాకా కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. పడిన దుబ్బును చేత్తో పైకి లేపితే అడుగు కణుపు దగ్గర కాండం మడతపడి ఉంటుంది, కంకిలో తెల్లటి మొలకలు. టైర్ల కోత మిషన్ దిగబడిపోతుంది. చైన్ మిషన్‌కు అద్దె ఎక్కువ. రంగు మారిన ధాన్యానికి ధర తెగ్గోస్తారు. బూజుపట్టిన గడ్డికి గేదె మూతి పెట్టదు. కోతకు ముందు చేలో చల్లిన మినుము కూడా ఆ బరువు కిందే కుళ్లిపోతుంది.

చేను పడిపోకుండా 1960ల్లో వచ్చిన ఉపాయం పైరును పొట్టి చేయడం. తైచుంగ్ నేటివ్-1, ఐఆర్-8 అలా వచ్చినవే. గింజ పెరిగింది, గడ్డి తగ్గింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి అన్నానికి సాటిలేనిదే, గాలివానకు మాత్రం నిలవదు.

జపాన్ వేరే దారి పట్టింది. కాండాన్ని కురచ చేయకుండా లావు చేసింది. హబటాకి రకంలోని ఎస్‌సీఎం2 జన్యువు కాండాన్ని గట్టిపరుస్తూనే కంకిలో గింజలనూ పెంచుతుందని 2010లో అక్కడి శాస్త్రజ్ఞులు తేల్చారు. మేత కోసం పెంచే వరిని గింజ పూర్తిగా పండకముందే మొక్క మొత్తంగా కోసి, పాతరగడ్డి చేసి పశువులకు పెడతారు. తుపాన్ల కాలంలో పంట ఎంత తొందరగా చేను దాటితే అంత మేలు కాబట్టి మనకు అసలు పాఠం ఇక్కడే ఉంది.

వరి నుంచి ఇథనాల్ ఇంధనం తీసే మాట వేరు. కేంద్రం ఇథనాల్ కంపెనీలకు ఎఫ్‌సీఐ బియ్యాన్ని క్వింటాల్ 2,250 రూపాయలకు ఇచ్చింది. 2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 2,369. క్వింటాల్ ధాన్యానికి 67 కిలోల బియ్యం వస్తుందనుకుంటే, మిల్లు ఖర్చు కలపకముందే క్వింటాల్ బియ్యం 3,500 దాటుతుంది. ఆ తేడా ఖజానా భరించినంత కాలమే ఈ బేరం. తిండిగింజను, దానికి పెట్టిన కాలువ నీటిని ట్యాంకులో పోయడం నాకు సమ్మతం కాదు. పశువులు తినగా మిగిలిన గడ్డి నుంచి ఇథనాల్ తీస్తే తప్పులేదు. పానిపట్‌లో 2022 నుంచి అలాంటి ఫ్యాక్టరీ ఉంది.

కాబట్టి ముందు దాణా, మేత. అదీ ఊరంతా కాదు, కాలువ చివరి పల్లపు చేలలో చాలు. ఉప్పును తట్టుకునే రకాల మీద పనిచేస్తున్న మచిలీపట్నం పరిశోధన స్థానం ఆ గుణానికి గట్టి కాండాన్ని జోడించే పని చేపట్టాలి. విత్తనం ఒక్కటే సరిపోదు. జపాన్ 2014 నుంచి దాణా వరికి పావెకరానికి, దిగుబడిని బట్టి 55 వేల నుంచి 1,05,000 యెన్ల దాకా ఇచ్చింది. మన ప్రభుత్వం కూడా మేత వరి ధరను నారు పోయకముందే ప్రకటించాలి.