లెక్క జనంలకు రావాలె

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. 11,574 క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క లెక్క తెలిస్తే పోతిరెడ్డిపాడు కథ తెలిసినట్టే. 2005లో ఆ తూమును 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచుతూ అప్పటి సర్కారు జీవోలిచ్చింది. రోజుకు ఒక టీఎంసీ పోయే కాడ దాదాపు నాలుగు పోతాయన్న మాట! జీవోల ఈ ముచ్చట రాయరు. చెప్పేటోళ్లు కావాలె.

మనకు చెప్పేటోళ్లు దొరికారు. కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజనీరుగా చేసిన ఆర్. విద్యాసాగర్ రావు రిటైరయ్యాక ఇంటిపట్టున కూర్చోలేదు. కృష్ణలో ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలొస్తే తెలంగాణ వంతు 299 ఎట్లయిందో పత్రికల్లో రాశారు, సభల్లో చెప్పారు. కాకతీయ యూనివర్సిటీ వైస్ చాన్స్‌లర్‌గా చేసిన జయశంకర్ సారు 1956 పెద్దమనుషుల ఒప్పందాన్ని, 1969లో లలిత్ కమిటీ తేల్చిన మిగులు నిధులను ఊరి మనిషికి అర్థమయ్యే మాటల్లో పెట్టారు. 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వాపసు పంపాలన్నది. ఆ తారీఖులు గుమస్తాకు, విద్యార్థికి నోటికొచ్చాయంటే అది ఇట్లాంటి వాళ్ల చలవే. (ప్రమోషన్ పోతుందని నోరు మెదపని మేధావులు కూడా మన యూనివర్సిటీల్లో తక్కువేం లేరు.)

2014లో రాష్ట్రం వచ్చింది. నీళ్ల పంచాయితీ తెగలేదు. 2015లో తాత్కాలికం పేరుతో అదే 299 ఒప్పుకున్నాం. 2023 అక్టోబర్‌లో కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు పంపకం బాధ్యత అప్పజెప్పింది. అక్కడ ఏం వాదిస్తున్నారో పాలమూరు రైతుకు చెప్పేదెవరు?

పరిశోధనలకు కొదవ లేదు. యూజీసీ నిబంధనలతో థీసిస్ ఇంటర్నెట్‌లోనూ పెట్టాలె. పెడుతున్నరు. ఇంగ్లిషులో మూడొందల పేజీలు! ఎవరు చదవాలె? ఫెలోషిప్ పైసలు మాత్రం జనం పన్నులవే.

జనానికి చెప్తే శాస్త్రం పలచబడుతదని కొందరంటారు. మేం ఒప్పుకోం. సభల ఎదురు ప్రశ్నలకు తట్టుకున్న లెక్కే గట్టి లెక్క. అయితే చెప్పేటోళ్లు మనకు నచ్చనిది కూడా చెప్పాలె. అప్పటికే ఉన్న వాడకాన్ని కాపాడాలన్న సూత్రం బచావత్ పాటించారు. మన ప్రాజెక్టులు కాగితాల మీదనే ఉండుడు అక్కడ మనకు దెబ్బ. ఇది దాచి ఒట్టి తిట్లు తిడితే ట్రిబ్యునల్ ముందు నిలబడం.

యూనివర్సిటీలను మేం అడిగేది ఒక్కటే. ఏ ఊళ్లె సర్వే ఫారాలు నింపుకున్నరో, ఆ ఊరికే మళ్లీ పోయి ఏం తేలిందో చెప్పాలె. జర్నల్‌లో వ్యాసానికిచ్చే మార్కుల లెక్క దానికీ మార్కులియ్యాలె. రాసి పంపే స్కాలర్లకు మా పేజీలు తెరిచే ఉంటాయి. వెయ్యి మాటలు చాలు, తెలుగులో.