బ్లాక్‌చెయినూ... కొసరు కట్టలూ

మా ఆఫీసులో లెక్కల గురించి ఏ మీటింగు పెట్టినా ఎవడో ఒకడు బ్లాక్‌చెయిన్ అంటాడు. "ఒకసారి రాస్తే చెరపలేం బాస్, ఇక మోసమే ఉండదు" అని. నాకేమో మా చర్ల వైపు తునికాకు కల్లం గుర్తొస్తుంది.

చర్ల అంటే భద్రాచలం దాటాక, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి. ఎండాకాలంలో తెల్లారకముందే జనం ఆకుకి పోతారు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లేదారు కట్టలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాడు. నా చిన్నప్పుడు మా కల్లంలో నూటికి ఐదు కట్టలు "కొసరు". పక్కింటి అవ్వ నూట ఐదు ఇస్తే పుస్తకంలో వందే. ఒక్క కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. లెక్క పక్కా!

ఆ వందని బ్లాక్‌చెయిన్‌లో పెడితే ఏమవుతుంది? అబద్ధాన్ని శిలాశాసనంగా చెక్కినట్టవుతుంది, అంతే.

అడవిదాకా ఎందుకు, మన ఫీల్డులోనే చూడండి. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరంతో బయటపడిందేమిటి? లేని 5,040 కోట్లు బ్యాలెన్స్ షీట్లో దర్జాగా కూర్చున్నాయని. డెబిట్టూ క్రెడిట్టూ సరిపోయాయి మరి! 1494లో పచోలీ అచ్చేసిన జంటపద్దు కూడికలో తప్పు పట్టుకుంటుంది. రెండువైపులా ఒకే చెయ్యి రాసిన అబద్ధాన్ని పట్టుకోలేదు.

బిట్‌కాయిన్‌లో ఈ గొడవ లేదు, ఎందుకంటే ఆ నాణెం ఉండేదే పద్దులో. మన ఆకు అడవిలో ఉంటుంది, బ్యాంకు డబ్బు బ్యాంకులో ఉంటుంది. బయటున్న వస్తువుని గొలుసు చూడలేదు బాబూ.

బిట్‌కాయిన్ కన్నా ముందే, 2005లో ఇయాన్ గ్రిగ్ ట్రిపుల్ ఎంట్రీ గురించి రాశాడు. డిజిటల్ సంతకాలున్న ఒకే రసీదు ఇచ్చినవాడి దగ్గర, పుచ్చుకున్నవాడి దగ్గర, మధ్యవర్తి దగ్గర ఉండాలని. అసలు సరుకు అక్కడుంది. మనవాళ్ళు దాన్నొదిలేసి గొలుసు పట్టుకు వేలాడుతున్నారు.

"యాప్ ఇస్తే సరి" అంటారా? ఆ ఫోనెవరి చేతిలో ఉంటుంది? కల్లేదారు చేతిలోనేగా! అవ్వ "నూట ఐదు" అనేదాకా ఎంట్రీ పడకూడదు, పడ్డాక ఆమె చేతికో చీటీ రావాలి. దానికి కార్బన్ పేపరు చాలు.

అవ్వ కాదంటే ఆగని పద్దుకి ఎన్ని బ్లాకులు తగిలిస్తే మాత్రం ఏం లాభం?