చైనా వెళ్ళిన భార్యకు పనేముంది?

అబ్బాయికి షాంఘైలోనో షెన్‌జెన్‌లోనో ఉద్యోగం వస్తుంది. వెంట భార్య వెళ్తుంది. అతను కష్టపడతాడు, ఆమె ఊళ్ళు చూస్తుంది. విదేశీ కాపురం గురించి మనవాళ్ళలో పాతుకుపోయిన అభిప్రాయం ఇదే. "నీకేం తల్లీ, హాయిగా తిరుగుతున్నావు" అంటారు పెద్దవాళ్ళు, ప్రేమగానే. తిరిగొచ్చి ఉద్యోగానికి వెళ్తే, ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఆ ఏళ్ళను గ్యాప్ అని రాసుకుంటారు. చైనాలోని సుజౌలో భర్తతో కాపురం చేసినదాన్ని. ఈ అభిప్రాయం తప్పని, అన్యాయమని గట్టిగా చెప్పదలచుకున్నాను.

ముందు చట్టం సంగతి. ఉద్యోగానికి వెళ్ళే మనిషికి చైనా ఇచ్చేది జెడ్ వీసా. దీర్ఘకాలం ఉండడానికి వెంట వెళ్ళే భార్యకో భర్తకో ఇచ్చేది ఎస్1. దానిమీద వెళ్ళి అక్కడ జీతానికి పనిచేయడం చట్టవిరుద్ధం. ఇక్కడ సాఫ్ట్‌వేర్ రాసినా, కాలేజీలో పాఠాలు చెప్పినా, ఆ విమానం దిగగానే ఆమెకు పనిచేసే హక్కు పోతుంది. ఆమె ఖాళీగా ఉందనడం, బయట గడియ పెట్టి లోపలి మనిషిని సోమరి అనడమే.

జీతం లేదు గానీ పనికి లోటు లేదు. దిగిన 24 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషన్‌లో చిరునామా నమోదు కావాలి. హోటల్లో దిగితే ఆ పని హోటలువాళ్ళే చూస్తారు. ఇల్లు తీసుకుంటే మనమే చేయించుకోవాలి. 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఇల్లు మారితే మళ్ళీ నమోదు. ఆఫీసులో భర్త పక్కన ఇంగ్లిషు తెలిసిన సహోద్యోగి ఒకడైనా ఉంటాడు. గ్యాసు మనిషితో, నీళ్ళ డబ్బా మోసుకొచ్చే కుర్రాడితో, గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడాల్సింది ఆమె. అందుకే నాకు తెలిసిన చాలా ఇళ్ళలో చైనా భాష ముందు పట్టుబడింది ఆమెకే.

కూరగాయల బజారులో ధర కిలోకి కాదు, జిన్‌కి, అంటే అరకిలోకి చెబుతారు. కాకర, వంకాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి ఉంటాయి. వేసవి మొదట్లో సుజౌలో ఎర్ర తోటకూర కట్టలు కట్టలుగా వస్తుంది. కరివేపాకు, కందిపప్పు మాత్రం ఆ బజారులో దొరకవు. మాంసం తినని ఇంటికి అసలు చిక్కు హోటల్లో మొదలవుతుంది. మాపో టోఫూ పేరుకు టోఫూయే, అందులో మాంసం తరుగు వేయడం అక్కడి మామూలు పద్ధతి. ఆకుకూర పందికొవ్వులో వేగి రావచ్చు. వంటవాడిని ఏమని అడగాలో, బౌద్ధాలయం పక్కన శాకాహార భోజనశాల ఏ వీధిలో ఉందో తెలుసుకుని, ఇంటిల్లిపాదీ నిశ్చింతగా తినేలా చేసిన మనిషిని ఏమీ చేయలేదంటే ఎలా?

అక్కడి పెద్దాసుపత్రిలో ముందు నమోదుకు డబ్బు కట్టాలి, డాక్టరు చూశాక పరీక్షలకు, ఆ తర్వాత మందులకు. మా ఆయనకు జ్వరం వచ్చిన రాత్రి ఆ కౌంటర్లన్నీ తిరిగింది నేనే. ఆయన బెంచీ మీద కూర్చుని వణుకుతున్నాడు.

ఇక అమ్మతో మాట్లాడడం. చైనాలో వాట్సాప్‌ను 2017 నుంచి అడ్డుకున్నారు. మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ ఉంది. అమ్మ ఫోన్లో ఉన్నది అక్కడ తెరుచుకోదు, అక్కడ లేకపోతే పూట గడవనిది అమ్మ ఫోన్లో దొరకదు. అదే ఏడాది రెండు దేశాల మధ్య ఆగిన నేరు విమానాలు 2025 అక్టోబరులో గానీ మళ్ళీ ఎగరలేదు. అందాకా నాన్నకు ఒంట్లో బాగాలేదంటే సింగపూరో బ్యాంకాకో చుట్టి రావాల్సి వచ్చేది. అటు పుట్టింటినీ ఇటు అత్తింటినీ ఆ దూరంలో కలిపి ఉంచే బరువు ఎక్కువగా ఆమె మీదే పడుతుంది.

సరే, ఊళ్ళు చూడడం మాటేమిటి? చూస్తాం. చూడాలి కూడా. అయితే దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు మరీ బాధ కలిగిస్తుంది. బీజింగ్‌లో నిషిద్ధ నగరానికి పాస్‌పోర్టు నంబరుతో ముందే బుక్ చేసుకోవాలి. సోమవారాలు మామూలుగా మూసి ఉంటుంది. రైలు టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన పేర్లా బారెడు, పైగా ఇంటిపేరు ముందో వెనకో తెలియని పరిస్థితి. అక్టోబరు 1 సెలవుల్లో దేశమంతా రోడ్డెక్కుతుంది. ఆ సెలవులను పొడిగించడానికి ముందూ వెనకా కొన్ని శని, ఆదివారాలను పనిదినాలు చేస్తారు. వారాంతంలో అలసిన భర్త ఎక్కి కూర్చునే రైలు వెనక ఇంత లెక్క ఉంది.

లెక్క ఒక్కటే కాదు, చదువూ ఉంది. సీఆన్ వెళ్ళినవాళ్ళంతా 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడిన మట్టి సైన్యాన్ని చూసి వస్తారు. అది గొప్పదే. అదే ఊళ్ళో 652లో కట్టిన పెద్ద అడవిబాతు గోపురం ఉంది, హ్యూయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలను దాచడానికి కట్టింది. ఆయన మన అమరావతి దగ్గరి ధాన్యకటకం వచ్చి, కొంతకాలం ఉండి చదువుకుని వెళ్ళాడు. అమరావతి తెలిసిన తెలుగు మనిషికి ఆ గోపురం పరాయిది కాదు. చువాన్‌జౌలోని కైయువాన్ ఆలయంలో ప్రధాన మందిరం వెనక రెండు రాతి స్తంభాల మీద మన పురాణ కథలు చెక్కి ఉన్నాయి. తమిళ వర్తకుల కాలంలో అక్కడ వెలసిన ఒక హిందూ ఆలయం శిథిలాల నుంచి వచ్చినవవి. వెతికి, చదివి, ఫలానా చోటికి వెళ్దామని ఇంట్లో చెప్పే మనిషి లేకపోతే ఎన్ని జంటలు ఆ స్తంభాల దాకా వెళ్తాయి?

సుజౌలోని జువోజెంగ్ తోట 16వ శతాబ్దం మొదట్లో మొదలైంది. యునెస్కో జాబితాలో 1997లో చేరింది. ఒకసారి వచ్చిపోయేవాడికి అది జనం, గొడుగులు, ఫోటోలు. ఆ ఊళ్ళో ఉన్నదానికి అది వానాకాలపు ఉదయం వేరు, తామరలు విచ్చిన జులై వేరు, చెరువు అంచు గడ్డకట్టిన జనవరి వేరు. అలా చూడడం తీరిక కాదు, శ్రద్ధ.

మన దేశానికీ చైనాకూ మధ్య అందరూ తలుచుకునే జంట ఒకటుంది. 1938లో అయిదుగురు భారతీయ వైద్యుల బృందంతో వెళ్ళిన ద్వారకానాథ్ కోట్నీస్, ఆయన పెళ్ళాడిన నర్సు గువో చింగ్‌లాన్. ఆయన 1942లో చనిపోయారు, 1946లో ఆయన కథతో శాంతారాం సినిమా తీశారు. ఆమె 2012 దాకా జీవించారు. కోట్నీస్ పేరు చెబితే మన పాతతరం తలూపుతుంది. ఆమె పేరు అడిగితే మౌనం. చాకిరీ ఇద్దరిదైనా చరిత్రలో పేరు ఒకరిదే నిలబెట్టడం మనకు ఇవాళ కొత్త కాదు.

అందరూ ఇలా ఉండరు కదా, ఇంట్లోంచి కదలనివాళ్ళూ ఉన్నారు కదా అని ఎవరైనా అనవచ్చు. ఉన్నారు. ఏళ్ళ తరబడి ఆఫీసు, ఇల్లు తప్ప వీధి చివర ఏముందో తెలియని భర్తలూ ఉన్నారు. వాళ్ళ ఏళ్ళను ఎవరూ గ్యాప్ అనరు, విదేశీ అనుభవం అంటారు.

భాష నేర్పడానికి డబ్బు పెట్టే కంపెనీ ఇద్దరికీ పెట్టాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఆమెను చైనాలో ఏం నేర్చుకున్నారని అడిగి, చెప్పింది రాసుకోవాలి. ఇక పెళ్ళి చేసి పంపే తల్లిదండ్రులు "అక్కడ నువ్వేం చేస్తావు" అని అమ్మాయిని విమానమెక్కే రోజున అడగడం మానాలి. ఆమె వీసా మీద ఏముందో ముహూర్తానికి ముందే చదివి, ఆ ప్రశ్న అబ్బాయిని అడగాలి.