సురేష్ ప్రొడక్షన్స్: చిత్ర పంపిణీ, భాగస్వామ్యాలు

సురేష్ ప్రొడక్షన్స్ తెలుగు చలనచిత్ర నిర్మాణ, పంపిణీ సంస్థ. దగ్గుబాటి రామానాయుడు దీనిని 1964లో మద్రాసులో స్థాపించి, పెద్ద కుమారుడు సురేష్ పేరు పెట్టాడు. తొలి చిత్రము తాపీ చాణక్య దర్శకత్వములో వచ్చిన రాముడు భీముడు. సొంత స్టూడియో లేని ఆ రోజులలో విజయా సంస్థతో కలిసి విజయా సురేష్ కంబైన్స్ పేరుతోనూ చిత్రములు తీశాడు. తరువాత హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోస్ వెలసినది. 2015లో ఆయన మరణించాడు. సంస్థను కుమారుడు సురేష్ బాబు నడుపుచున్నాడు.

కృష్ణా ఏరియా

తెలుగు చిత్ర హక్కులను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు మొదలగు ఏరియాలుగా విభజించి అమ్ముతారు. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ, మొవ్వ ప్రాంతములు కృష్ణా ఏరియాలోనివి. 2022లో జిల్లాను విభజించినా సినిమా వ్యాపారపు పటము మాత్రము పాత జిల్లానే అనుసరించుచున్నది. ఈ ఏరియాకు వ్యాపార కేంద్రము విజయవాడ గాంధీనగర్.

చిత్రము తీయుట, పంపిణీ చేయుట, ప్రదర్శించుట ఒకే కుటుంబము చేతిలో ఉండుట ఈ సంస్థకు బలము. థియేటర్లను లీజుకు తీసుకొని నడిపిన సంస్థలలో ఇదీ ఒకటి. లీజు వలన యజమానికి నిశ్చితమైన ఆదాయము వస్తుంది, నష్టభయము లీజుదారునికి పోతుంది. అయితే పండుగ వారములో ఏ చిత్రమునకు ఎన్ని థియేటర్లు దక్కునో నిర్ణయించే అధికారము కూడా అతనిదే. చిన్న నిర్మాతల ఫిర్యాదు ఇక్కడే మొదలగును. ఆ ఫిర్యాదును కొట్టివేయలేము. కాని లీజుదారుడు లేకుంటే చిన్న పట్టణములలో కొన్ని థియేటర్లు ఎప్పుడో కల్యాణ మండపములయ్యేవన్నదీ నిజమే.

వారపు అద్దెకు బదులు వసూళ్ళలో వాటా ఇవ్వాలని కోరుతూ, 2025 జూన్ 1 నుండి థియేటర్లు మూసివేస్తామని రెండు రాష్ట్రముల ప్రదర్శకులు మే నెలలో ప్రకటించి, తరువాత విరమించుకున్నారు. ఖాళీ వారములలో అద్దె పద్ధతి యజమానిని కాపాడును, పెద్ద చిత్రము ఆడినపుడు మాత్రము అతనికి అదనముగా ఏమీ మిగలదు. వాటా పద్ధతిలో ఇది తలక్రిందులగును.

ఓటీటీ

2021లో నారప్ప (జూలై, ప్రైమ్ వీడియో), దృశ్యం 2 (నవంబరు, డిస్నీ+ హాట్‌స్టార్) థియేటర్లకు రాకుండా నేరుగా ఓటీటీలో విడుదలైనవి. రెండింటిలోనూ నాయకుడు రామానాయుడు రెండవ కుమారుడు వెంకటేష్. థియేటర్లు నడిపే సంస్థే ఈ దారి పట్టుట ప్రదర్శకులకు రుచించలేదు. అయితే రెండు చిత్రములకూ పరరాష్ట్ర భాగస్వాములున్నారు. నారప్పలో తమిళ నిర్మాత కలైపులి థాను, దృశ్యం 2లో మలయాళ నిర్మాత ఆంటోనీ పెరుంబవూర్. కోవిడ్ కాలములో పెట్టుబడి చిక్కుకొనిపోయిన భాగస్వాములు నెలల తరబడి వేచి ఉండుట కష్టము.

భాగస్వామిపై ఆధారపడుటలోని చిక్కు ఫ్రాన్సులోనూ కనిపించును. హదీదా కుటుంబము స్థాపించిన మెట్రోపాలిటన్ ఫిల్మెక్స్‌పోర్ట్ అమెరికా సంస్థ న్యూలైన్‌తో ఒప్పందము వలన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చిత్రములను అక్కడ పంపిణీ చేసినది. 2008లో న్యూలైన్ వార్నర్‌లో కలిసిపోయినది. తరువాతి హాబిట్ చిత్రములను ఫ్రాన్సులో వార్నరే విడుదల చేసుకున్నది.

చిన్న చిత్రములు

పెళ్ళిచూపులు (2016), కేరాఫ్ కంచరపాలెం (2018) ఇతరులు నిర్మించినవి. వాటిని ప్రేక్షకుల వద్దకు చేర్చినది ఈ సంస్థ. పేరున్న నటులు లేని కంచరపాలెమునకు ఆ అండ లేకుంటే థియేటర్లు దొరుకుట అనుమానమే. సురేష్ బాబు కుమారుడు రానా తన స్పిరిట్ మీడియా ద్వారా, 2024 కాన్ ఉత్సవములో గ్రాండ్ ప్రీ పొందిన భారత-ఫ్రెంచి చిత్రము ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్‌ను అదే సంవత్సరము నవంబరులో దేశమంతటా విడుదల చేశాడు.